రోడ్డు మీద ఎవరో పిలిస్తే: మొదటి పది సెకన్లు, తర్వాతి పది నిమిషాలు

అమీర్‌పేట్ నుంచి ఎస్.ఆర్. నగర్ దాకా సందుసందునా ఉన్న లేడీస్ హాస్టళ్లలో ప్రతి నెలా కొత్త అమ్మాయిలు దిగుతూనే ఉంటారు. కోచింగ్‌కని కొందరు, ఉద్యోగానికని కొందరు. "ఎవరమ్మాయివమ్మా?" అని ఎదురుపడ్డ పెద్దవాళ్లు అడగడం, నిలబడి జవాబు చెప్పడం అలవాటైన ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. నగరంలో పిలిచిన ప్రతి గొంతుకూ ఆగితే చిక్కే. ఎవరు పిలిచినా బెదిరిపోయి తల దించుకుని పరిగెత్తడమూ చిక్కే, కొన్నాళ్లకు గది దాటి రావడమే మానుకోవాల్సి వస్తుంది.

మన పిల్లలకు రెండే దారులు నేర్పుతున్నాం: వినబడనట్టు పోవడం, లేదంటే చెప్పు తీసుకుని కొట్టడం. ఈ రెండింటి మధ్య ఒక పద్ధతి ఉంది. మొదటి పది సెకన్లలో ఒక చిన్న మాట, పక్కవాళ్లకు వినబడేలా అని, మనుషులున్న వైపు నడవడం. తర్వాతి పది నిమిషాల్లో వివరాలు రాసిపెట్టుకోవడం. ముందే సాధన చేస్తే రెండూ ఎవరికైనా వస్తాయి. ఇక్కడ హైదరాబాద్‌ను ఉదాహరణగా తీసుకున్నాం. విజయవాడ, విశాఖ, వరంగల్‌లోనూ పద్ధతి ఇదే, ఫోన్ చేయాల్సిన చోటే మారుతుంది.

పలకరింపా, వేధింపా?

"మేడమ్, కహా జానా?" అని ఆటో ఆయన అరిస్తే అది బేరం. "రండి అక్కా, కొత్త స్టాక్ వచ్చింది" అని కోఠిలో దుకాణం ముందు కుర్రాడు పిలిస్తే అదీ బేరమే. తల అడ్డంగా ఊపితే చాలు, అతను మీ వెనక వచ్చేవాళ్లను పిలుస్తాడు. వాచ్‌మన్, కూరగాయల ఆమె, రోజూ చూసే చాయ్ హోటల్ ఆయన పలకరిస్తే బదులు పలకండి. రేపు సాయం కావాల్సి వస్తే ముందు వచ్చేది వాళ్లే.

అనుమానం వచ్చినప్పుడు మూడు విషయాలు చూడండి. అతని మాటలో పని ఏమైనా ఉందా? మీ పక్కన మీ నాన్న నడుస్తున్నా అదే మాట అదే గొంతుతో అంటాడా? వద్దన్నాక ఆగాడా? మూడోది అన్నిటికన్నా ముఖ్యం. అడ్రస్ అడగాల్సిన మనిషి మీరు "తెలియదండి" అనగానే ఇంకొకరి దగ్గరికి పోతాడు. "పోనీ, మీ పేరేంటి?" అన్నాడంటే అతనికి కావాల్సింది అడ్రస్ కాదు. ఇక మీ ఒంటి గురించో బట్టల గురించో మాట వచ్చినా, ఈల వేసినా, ముద్దు చప్పుడు చేసినా, మీకు వినబడేలా బూతు పాట ఎత్తుకున్నా ఇవేవీ బేరీజు వేయనక్కర్లేదు. అది వేధింపు. "మెచ్చుకున్నాడు కదా, దానికేంటి?" అనేవాళ్లు పక్కన ఎప్పుడూ ఒకరుంటారు. మెచ్చుకోలు అయితే మీరు మొహం తిప్పుకున్నాక తిట్టుగా మారదు.

టైమ్ అడిగినా, దారి అడిగినా నిలబడి ఫోన్ బయటికి తీయకండి. నడుస్తూనే చెప్పండి. ఇద్దరి మధ్య చెయ్యి చాచినంత దూరం ఉండాలి. అతను దగ్గరికి జరిగితే మీరు ఒక అడుగు వెనక్కి వేయండి, మళ్లీ జరిగాడంటే మాట ఆపి కదిలిపోండి.

నోట రావాల్సిన మాటలు

ఆ క్షణంలో గొంతు పెగలకపోవడం పిరికితనం కాదు. ఒళ్లు బిగుసుకుపోతుంది, అందరికీ అంతే. అందుకే మాటలు ముందే నోటికి పట్టించుకోవాలి. రెండు మూడు చాలు, ఒక్కోటి మూడు నాలుగు పదాలకు మించకూడదు. "చెయ్యి తీయండి." "దూరం జరగండి." "నా వెనకాల రాకండి." హాస్టల్ గదిలో తలుపు వేసుకుని, ఎదుటి గోడ దాకా వినబడేలా రోజుకు పది సార్లు చొప్పున ఓ వారం అనండి. గొంతు పొట్టలోంచి రావాలి, కీచుగా కాదు. వాక్యం చివర గొంతు పైకి లేస్తే ప్రశ్నలా, బతిమాలినట్టు వినబడుతుంది. కిందికి దింపండి.

వేధించేవాడికి "అండి" ఏంటని మీకు కోపం రావచ్చు. ఆ మర్యాద అతనికోసం కాదు, చుట్టూ ఉన్నవాళ్లకోసం. "నువ్వు, వదులు, పో" అంటూ అరిస్తే దూరం నుంచి వినేవాళ్లు మొగుడూ పెళ్లాల గొడవో, లవర్ల అలకో అనుకుని మొహం తిప్పుకుంటారు. మన దగ్గర "వాళ్ల ఇంటి విషయం" అన్న ముద్ర పడిందంటే ఒక్కరూ కదలరు. "మీరు" అనగానే ఇద్దరూ పరాయివాళ్లని తెలిసిపోతుంది. దాని వెంటనే "ఈయన ఎవరో నాకు తెలియదు" అని ఒక్కసారి గట్టిగా అనండి. పాతబస్తీ, మెహదీపట్నం వైపు అయితే "పీఛే మత్ ఆవో, మై ఇనకో నహీ జానతీ" అని హిందీలోనూ పట్టించుకోండి.

పనిచేయనివి కూడా తెలిసుండాలి. నవ్వడం మొదటిది. భయంతో వచ్చే నవ్వును ఒప్పుకోలుగా చదువుకుంటాడు. "ప్లీజ్ అన్నా" అనడం రెండోది. ఆటో ఆయనతో "అన్నా" పని చేస్తుంది, మీ వెంటపడేవాడితో చేయదు, "నేను నీకు అన్ననా?" అని అక్కడి నుంచే మాట పెంచుతాడు. "మా అన్నయ్య పోలీసు తెలుసా" అనే బెదిరింపు వాదనకు తలుపు తీస్తుంది. "ఎందుకిలా చేస్తున్నారు?" అని అడగకండి, ప్రశ్నకు జవాబు వస్తుంది, జవాబుకు ఇంకో మాట వస్తుంది, అతనికి కావాల్సిందే అది. బూతులు తిడితే జనం కళ్లకు ఇద్దరూ సమానమైపోతారు. చెయ్యి వేసినవాణ్ణి విడిపించుకోవడానికి తోసినా, కొట్టినా అది ఆత్మరక్షణ, చట్టం ఒప్పుకుంటుంది. వెళ్లిపోతున్నవాడి వెనక పరిగెత్తి కొడితే ఎదురు ఫిర్యాదుకు చోటిచ్చినట్టే.

ఒక మాట అని, సమాధానం కోసం ఆగకుండా నడవండి. అతను ఒంటరిగా లేకుండా నలుగురు కలిసి ఉన్నా, తాగి ఉన్నా, చుట్టూ ఎవరూ లేకపోయినా ఆ మాట కూడా వద్దు. అలాంటప్పుడు కదిలిపోవడమే సరైన పని. దాన్ని ఓడిపోవడం అనుకోకండి.

బస్సు, షేర్ ఆటో, మెట్రో

సిటీ బస్సులో ఒరుసుకుంటూ నిలబడేవాడి ధైర్యం అంతా "రష్ కదా" అన్న ఒక్క సాకు మీదే ఉంటుంది. ఆ సాకు తీసేయాలి. మొదటిసారి తగిలితే నిజంగా రష్షే కావచ్చు, పక్కకు జరిగి బ్యాగును అతనికీ మీకూ మధ్యకు తిప్పుకోండి. మళ్లీ తగిలితే ఇక అనుమానం లేదు. "నీలం చొక్కా ఆయనా, చెయ్యి తీయండి" అని చొక్కా రంగుతో సహా అనండి. రంగు చెప్పగానే బస్సంతా ఆ చొక్కా వైపు చూస్తుంది. పేరు లేకుండా "ఏంటిది?" అని అరిస్తే పది మంది మగవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు, అసలువాడు అందులో కలిసిపోతాడు. పిన్నీసు మన అమ్మమ్మల కాలం ఆయుధం, దాన్ని తక్కువ చేయలేం కానీ, కిక్కిరిసిన బస్సు కుదుపులో అది పక్కామెకు గుచ్చుకునే అవకాశమే ఎక్కువ. గొంతు గురి తప్పదు.

తర్వాత కండక్టర్. 2012 నవంబరు 30న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఈ విషయం స్పష్టంగా ఉంది: ప్రయాణికుల వాహనంలో వేధింపు జరిగిందని బాధితురాలు చెబితే, సిబ్బంది వాహనాన్ని దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లి సమాచారం ఇవ్వాలి. లేదంటే పర్మిట్ రద్దు దాకా పోవచ్చు. కాబట్టి "కాస్త చూడండి సార్" అని కాకుండా "బస్సు స్టేషన్‌కు పోనివ్వండి" అని అడగండి. చాలాసార్లు ఆ మాట వినగానే నీలం చొక్కా తర్వాతి స్టాపులో దిగిపోతాడు. దిగిన స్టాపు పేరు, టైము గుర్తుపెట్టుకోండి.

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు ఇస్తున్న జీరో టికెట్‌ను దిగగానే పారేయకండి. మీరు ఏ రోజు, ఏ వేళకు ఆ బస్సులో ఉన్నారో చెప్పే కాగితం అది. దాని మీది అక్షరాలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి కాబట్టి ఫోటో తీసిపెట్టుకోండి.

షేర్ ఆటోలో డ్రైవర్ పక్క సీటు ఎంత ఆలస్యమైనా వద్దు. ఎక్కేముందే నంబర్ ప్లేటు ఫోటో తీసి హాస్టల్ గ్రూపులో పెట్టండి, డ్రైవర్‌కు కనబడేలా తీసినా తప్పులేదు. రాత్రిపూట తెలంగాణ పోలీసుల టీ-సేఫ్ సేవ వాడుకోండి. 2024 మార్చిలో మొదలైంది. స్మార్ట్‌ఫోన్ లేకపోయినా 100కి ఫోన్ చేసి 8 నొక్కితే మీ ప్రయాణాన్ని గమనిస్తూ ఉంటారు. మెట్రోలో ఆడవాళ్ల పెట్టె వైపు నిలబడటం మామూలే. ఏదైనా జరిగితే స్టేషన్‌లో తనిఖీ దగ్గరుండే సెక్యూరిటీకి వెంటనే చెప్పాలి. కెమెరాలున్న చోటు కాబట్టి రైలు వచ్చిన టైము, దిగిన ప్లాట్‌ఫారం చెబితే చాలా పని అయినట్టే.

వెంటపడుతున్నాడని అనిపిస్తే

ముందు నిర్ధారించుకోండి. రోడ్డు దాటి అవతలి వైపు నడవండి. కాసేపటికి మళ్లీ ఇవతలికి రండి. మామూలుగా నడిచే మనిషి మీతోపాటు రెండుసార్లు రోడ్డు దాటడు. బండి మీద ఉన్నవాడైతే మీరు వెనక్కి తిరిగి, బండ్లు ఎదురొచ్చే వైపు నడవండి. అతను తిప్పుకోవాలంటే యూటర్న్ దాకా పోవాలి, లేదంటే రాంగ్ రూట్‌లో రావాలి, అలా వస్తే అందరి కంటా పడతాడు.

ఇక ఎటు? ఇంటికి మాత్రం కాదు. భయంలో అందరూ చేసే పొరపాటు ఇదే: తిన్నగా హాస్టల్ గేటు దాకా అతనికి దారి చూపిస్తారు, మర్నాటి నుంచి అతను గేటు దగ్గరే ఉంటాడు. మెడికల్ షాపు, ఆసుపత్రి, పెట్రోల్ బంకు, మెట్రో స్టేషన్ మంచివి. రాత్రి పది దాటితే దుకాణాలు మూసేస్తారు, ఆసుపత్రి మూసేయరు. మీరు రోజూ నడిచే దారిలో ఇలాంటివి మూడు ఏవో ఈరోజే చూసిపెట్టుకోండి. లోపలికి వెళ్లి "ఎవరో వెంటపడుతున్నారు, ఫోన్ చేసుకునేదాకా ఇక్కడ ఉంటాను" అనండి. కాదనేవాళ్లు తక్కువ.

100 గానీ 112 గానీ కలిపాక మొదట చెప్పాల్సింది పేరు కాదు, చోటు. ఫోన్ కట్ అయినా వాళ్లు బయల్దేరగలగాలి. హైదరాబాద్‌లో దీనికి మెట్రో పిల్లర్ నంబర్లంత పనికొచ్చేవి లేవు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వైపు పోయే పి.వి. ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్లకూ నంబర్లున్నాయి. "ఫలానా పిల్లర్ ఎదురుగా మెడికల్ షాపులో ఉన్నాను" అంటే వెతుక్కునే పని ఉండదు.

తర్వాతి పది నిమిషాలు

సురక్షితమైన చోటుకు చేరాక చేతులు వణుకుతుంటాయి. నీళ్లు తాగండి. వెంటనే ఫోన్‌లో వాయిస్ రికార్డు పెట్టి గుర్తున్నదంతా చెప్పేయండి, టైపు చేయడం కంటే అది త్వరగా అవుతుంది. తేదీ, టైము, చోటు, అతను అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు. చెప్పడానికి సిగ్గనిపించే మాటైనా అలాగే చెప్పాలి, "అసభ్యంగా మాట్లాడాడు" అని రాస్తే ఫిర్యాదు సగం బలం పోతుంది. మనిషి ఆనవాళ్లలో చొక్కా మార్చుకోవచ్చు కాబట్టి మార్చుకోలేనివి ముందు: ఎత్తు, నడక, మచ్చ, పచ్చబొట్టు, గొంతు, యాస.

బండి నంబరులో చివరి నాలుగు అంకెలు అన్నిటికన్నా ముఖ్యం, తర్వాత వాటి ముందున్న అక్షరాలు. మొదటి రెండు అక్షరాలను ఊహించి రాయకండి. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ వస్తోంది కానీ టీఎస్ బండ్లు, అంతకు ముందు నాటి ఏపీ బండ్లు కూడా రోడ్ల మీద తిరుగుతూనే ఉన్నాయి. తెలియకపోతే ఖాళీ వదలండి. బండి రంగు, కంపెనీ రాయండి.

ఫోటో, వీడియో తీయగలిగితే మంచిదే కానీ దగ్గరికి వెళ్లి మొహం మీద ఫోన్ పెట్టకండి, లాక్కుంటాడు. దూరం నుంచి, బండి నంబరు పడితే చాలు. చుట్టుపక్కల ఏ దుకాణానికి కెమెరా ఉందో చూసి రాసుకోండి. ఆ రికార్డింగులు ఎల్లకాలం ఉండవు, పాతదాని మీద కొత్తది ఎక్కేస్తుంది. ఫిర్యాదు ఆలస్యమైతే మొదట పోయేది ఈ సాక్ష్యమే.

ఫిర్యాదు

ఆడవాళ్లను వేధించేవాళ్లను పట్టుకునే పోలీసు బృందాలు షీ టీమ్స్, తెలంగాణలో 2014 అక్టోబరు 24న హైదరాబాద్‌లో మొదలయ్యాయి. మఫ్టీలో బస్టాపుల్లో, కాలేజీల దగ్గర ఉంటారు, కెమెరాలో రికార్డు చేసి పట్టుకుంటారు. హైదరాబాద్ షీ టీమ్ వాట్సాప్ నంబరు 94906 16555. ఫిర్యాదు చేసినవాళ్ల పేరు బయటికి రానివ్వరు. పట్టుబడినవాణ్ణి బట్టి, నేరాన్ని బట్టి తల్లిదండ్రుల ఎదుట కౌన్సెలింగ్, పెట్టీ కేసు, లేదా ఎఫ్ఐఆర్ ఉంటాయి. ఒకే అడ్డాలో రోజూ నిలబడి వేధించేవాళ్ల విషయంలో వీళ్లకు చెప్పడం బాగా పనిచేస్తుంది, "రోజూ సాయంత్రం ఆరు నుంచి ఏడు మధ్య" అని వేళ చెబితే ఆ వేళకే వస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ల భద్రత కోసం 2025 మార్చి 8న తెచ్చిన శక్తి యాప్ ఉంది, 112 కూడా. మహిళల హెల్ప్‌లైన్ 181 రెండు రాష్ట్రాల్లోనూ పనిచేస్తుంది. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల విషయమైతే వాళ్లను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం వర్తిస్తుంది, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పాలి.

2024 జులై 1 నుంచి పాత శిక్షాస్మృతి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది కాబట్టి వేధింపులకు వాడిన పాత 354, 509 సెక్షన్ల నంబర్లు ఇప్పుడు చెల్లవు. లైంగికపరమైన వ్యాఖ్యలకు సెక్షన్ 75, ఏడాది దాకా జైలు. మాటతో, సైగతో, చప్పుడుతో అవమానించడానికి సెక్షన్ 79, మూడేళ్ల దాకా. గౌరవానికి భంగం కలిగించే ఉద్దేశంతో చెయ్యి వేస్తే సెక్షన్ 74, కనీసం ఏడాది, అయిదేళ్ల దాకా. వెంటపడటానికి సెక్షన్ 78, మొదటిసారి మూడేళ్ల దాకా. ఈ 78లో ఒక మెలిక ఉంది: ఇష్టం లేదని స్పష్టంగా తెలిపాక కూడా పదే పదే వెంటపడటం అని చట్టం అంటుంది. "నా వెనకాల రాకండి" అని గట్టిగా అనమన్నది ఇందుకు కూడా. నలుగురు విన్న ఆ మాటే రేపు సాక్ష్యం.

స్టేషన్‌లో "ఇది మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి, ఏ స్టేషన్‌లోనైనా రాయాలి. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి, ఇది మరిచిపోయి చాలామంది మొత్తం పోగొట్టుకుంటారు. ఈ సెక్షన్ల కింద మీ ఫిర్యాదు రాసుకోవాల్సింది మహిళా అధికారి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం, తీసుకోకుండా లేవకండి. 74, 79 కింద సమాచారం ఇచ్చినా నమోదు చేయని అధికారికి సెక్షన్ 199 కింద కనీసం ఆరు నెలల శిక్ష ఉందని తెలిసుంటే మీ గొంతు వణకదు. అప్పటికీ రాసుకోకపోతే ఫిర్యాదును పోస్టులో ఎస్పీకి, నగరంలో అయితే డీసీపీకి పంపండి.

పక్కన ఉన్నవాళ్లు ఏం చేయొచ్చు

హీరోలా మధ్యలో దూకనక్కర్లేదు. వేధిస్తున్నవాణ్ణి వదిలేసి ఆ అమ్మాయితో మాట కలపండి. "ఏమ్మా, కోఠి బస్సు వెళ్లిపోయిందా?" అంటూ ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడండి. అంతే, చాలాసార్లు అక్కడితో తెగిపోతుంది. ఒక్కరే ఉన్నామని భయమైతే దుకాణం ఆయన్నో, కండక్టర్‌నో పిలవండి. వీడియో తీస్తే అది ఆ అమ్మాయికి పంపండి, ఆమె ఒప్పుకోకుండా గ్రూపుల్లో పెట్టకండి. అయిపోయాక "తోడు రమ్మంటావా?" అని ఒక మాట అడగండి. ఎవరూ ఏమీ అడగని ఆ నిశ్శబ్దమే చాలామందికి ఏళ్ల తరబడి గుర్తుండిపోతుంది.

మగవాళ్లకు చిన్న సంగతి. చీకటి సందులో ఒంటరిగా నడిచే అమ్మాయి వెనక మీరు నడవాల్సి వస్తే అవతలి వైపుకు మారండి, లేదా కాసేపు ఆగండి. మీరెలాంటివాళ్లో ఆమెకు తెలియదు.

ఇంట్లో చెప్పడం

ఎక్కువమంది ఇంట్లో చెప్పరు. చెబితే "ఉద్యోగం వద్దు, వచ్చెయ్" అంటారని భయం. అమ్మానాన్నలు మొదట అడిగే ప్రశ్న "ఆ టైములో నీకక్కడ ఏం పని?" కాకుండా "ఇప్పుడెక్కడున్నావు, భోంచేశావా?" అయితే రెండోసారి కూడా బిడ్డ ఫోన్ చేస్తుంది. మీరు చెప్పేటప్పుడు జరిగింది మొదట కాకుండా చేసింది మొదట చెప్పండి: "ఒకడు వెంటపడ్డాడమ్మా, మెడికల్ షాపులోకి వెళ్లాను, ఫిర్యాదు ఇచ్చాను, ఇప్పుడు గదిలో ఉన్నాను." ఇలా చెబితే వాళ్ల కంగారు సగం తగ్గుతుంది.

హాస్టల్‌లో కూడా చెప్పండి. ఒకే సందులో ఒకే చోట ముగ్గురికి జరిగిందంటే అక్కడ ఏదో ఉంటుంది: వెలగని వీధిదీపం, మూతపడ్డ దుకాణం అరుగు, రాత్రిపూట బండ్లు నిలిపే ఖాళీ స్థలం. ముగ్గురూ కలిసి ఒకే కాగితం మీద తేదీలతో రాసి సంతకాలు పెట్టి షీ టీమ్‌కు ఇవ్వండి. వెలగని దీపం సంగతి మై జీహెచ్‌ఎంసీ యాప్‌లో విడిగా ఫిర్యాదు చేయండి, స్తంభం మీద నంబరు ఉంటే దాన్ని కూడా రాయండి. వారంలో బాగు చేయకపోతే ఆ నంబరుతోనే మళ్లీ రాయండి.